పుల్ల విరిచిన తారీఖు

నల్లా నీళ్ళు ఆగిపోయేలోపే బక్కయ్య మూడు ఫైళ్ళు కుట్టేశాడు. దబ్బనంతో మూలన చిల్లు పొడవడం, ఆకుపచ్చ దారం దూర్చడం, ముడి వేసి పళ్ళతో కొరకడం ముప్ఫై ఏళ్ళుగా చేస్తున్న పనే. నాలుగోది మాత్రం చేతిలోనే ఉండిపోయింది. దాని మీదున్న రెండు పేర్లూ ఈ ఇంటివే. విడాకుల అర్జీదారులు: బక్కయ్య, భార్య వజ్రమ్మ. ఇవాళ ఆఖరి తారీఖు.

సంచీ మోసి మోసి కుడి భుజం కిందికి జారిన మనిషి. జేబులో మూడు పెన్నులు, బొటనవేలి గోరు కింద ఎంత తోమినా పోని స్టాంపు సిరా. వకీలు దగ్గర గుమాస్తా. కామాటిపురాలో చదువుకున్న పిల్లలకు ఇప్పుడు కొదవేం లేదు గానీ, కోర్టు కాగితం అనేసరికి అందరూ ఇతని గడపే తొక్కుతారు. అదుగో, ఇంకా చాయ్ కూడా తాగలేదు, గ్యాలరీ చివరి గది మమత రానే వచ్చింది. చేతిలో కులపంచులు విడాకులకు రాసిచ్చిన ఇడుపు కాయితం.

"కాకా, పంచుల ముంగట పుల్ల ఇరిసిండ్రు గద. ఇంక కోర్టెందుకు?"

"పంచాయితి మన గల్లీలనే నడుస్తది బిడ్డా. రేపు నీ మొగడు ప్రవీణ్ ఉల్టా తిరిగితే, ఇది మా కులాచారమని రుజువు జేసుడు నీ నెత్తిమీద వడ్తది. సరే గని, మీరిద్దరు ఎన్నడు ఎడంగ అయిండ్రు?"

"మొన్న దీపావళికి. గప్పుడే గద పుల్ల ఇరిసింది."

"అది గాదు. బట్టల మూట వట్టుకొని నువ్వు మీ అమ్మ తాన్కి ఎన్నడు వోయినవ్?"

"అదా? నిరుడు ఎండకాలంల."

"ఆ తారీఖే రాయాలె. ఏడాది ఎడంగ లేకుంటే కోర్టు ఇనదు."

మనవాళ్ళంతా చేసే తప్పు ఇదే. పెద్దమనుషుల ముందు పుల్ల విరిగేదాకా ఆలుమగలే అనుకుంటారు. మనిషి గడప దాటి ఎన్ని నెలలు గడిచినా ఆ రోజులు మాత్రం వాళ్ళ లెక్కలోకి రావు. తీరా అర్జీ కొట్టేశాక లబోదిబోమంటారు. ఇలాంటివి బక్కయ్య ఎన్ని దిద్దాడో!

వజ్రమ్మ కూడా అదే తప్పు చెప్పింది. అర్జీ రాసేటప్పుడు ఈ చాపమీదే కూర్చుని, "దసరా రాయి" అంది, పంచుల ముందు వాళ్ళ పుల్ల విరిగింది అప్పుడే. ఆమె చెప్పినట్టే రాసేస్తే విడాకులు ఆగిపోయేవి. ఏప్రిల్‌లో వేసిన అర్జీ, దసరా నుంచి చూస్తే ఆరు నెలలే, నిలబడదు. బక్కయ్య పెన్ను చాలాసేపు గాలిలోనే ఆగిపోయింది. చివరికి నిరుడు హోళీ మర్నాటి తారీఖే వేశాడు, ఆమె గది విడిచి వెళ్ళిన రోజు. తప్పు కాగితం రాయడం ఆ చేతికి అలవాటు లేదు మరి.

పెళ్ళయి వచ్చినప్పుడు వజ్రమ్మకు అక్షరం ముక్క రాదు. వేలిముద్రలు వేసి నష్టపోయిన ఆడవాళ్ళను రోజూ చూసే బక్కయ్య, ఫాక్‌లాండ్ రోడ్డులో ఒక పలక కొనుక్కొచ్చాడు. నాలుగు నెలలు, సాయంత్రాలు, చేయి పట్టి రాయించాడు. ఇద్దరూ ఎంత నవ్వుకునేవారో. సంతకం వచ్చింది, పలక అటకెక్కింది, మాటలూ దాంతోనే పోయాయి. పిల్లలు లేరు. రోజంతా ఊళ్ళోవాళ్ళ గోడు విని, చెప్పి, ఇంటికొచ్చేసరికి అతని నోటికి తాళం పడేది. పంచుల ముందు వజ్రమ్మ చెప్పిందీ అదే.

"కొట్టలే, తాగలే. పలక వట్టించిన నాలుగు నెలలే నాతోని మాట్లాడిండు. ఇరవై ఆరేండ్లల్ల గంతే."

పెద్దమనుషులు నవ్వారు. సిగ్గుతో బక్కయ్యా నవ్వాడు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం చచ్చిపోతుంది అతనికి.

బాంద్రా కోర్టు గేటు బయట చాయ్ బండి దగ్గర పోచయ్య నిలబడి ఉన్నాడు. పాలమూరు మేస్త్రీ, భార్య పోయినవాడు, వర్లిలో పని. వజ్రమ్మ అతన్నే మారుమనువు చేసుకోబోతోంది. చిలకపచ్చ చీర కట్టుకుని మెట్ల దగ్గర ఎదురొచ్చింది. కాస్త ఒళ్ళు చేసింది. బాగుంది.

"తప్పు లేకుంట రాసినవ్ గద?"

"రాసిన."

"ఇయ్యాలతోని అయిపోతది గద?"

"అయితది."

లోపల జడ్జి మేడమ్ హిందీలో అడిగింది, ఎప్పటి నుంచి వేరుగా ఉంటున్నారని. వజ్రమ్మకు చెమటలు పట్టాయి. నోటికి అలవాటైన మాటే వచ్చింది.

"దసరా సే, మేడమ్."

మేడమ్ కాగితం తిప్పి చూసింది. ఇక్కడ హోళీ మర్నాటి తారీఖు ఉంది, ఏది నిజం? దసరా అయితే ఈ అర్జీ చెల్లదు, మళ్ళీ మొదటి నుంచి వేసుకోవాలి. వజ్రమ్మ బిత్తరపోయి బక్కయ్య వైపు చూసింది.

అతను చేయాల్సింది ఏమీ లేదు. ఊరకుంటే చాలు. ఊరకుండటం అతనికి కొత్తా ఏమిటి? అర్జీ పోతుంది. మళ్ళీ నెలల తరబడి వజ్రమ్మ అతని భార్యే. అతనికి కావలసింది లోకంలో అదొక్కటే. అయినా చేతులు కట్టుకుని హిందీలోనే చెప్పాడు.

"ఆమె భయపడి పొరపాటు చెప్పింది మేడమ్. హోళీ మర్నాడు. మంగళవారం, పొద్దున ఏడున్నర. పొయ్యి మీద చాయ్ మరుగుతోంది. పసుపురంగు చీర. ఎడమచేతిలో మూట. గుమ్మం దగ్గర ఒకసారి ఆగింది. నేను ఫైలు కుడుతున్నాను. తలెత్తలేదు."

మేడమ్ కళ్ళజోడు తీసి అతన్ని చూసింది. వజ్రమ్మను అడిగింది. ఆమె తలూపింది. కలిసి ఉండే ఆలోచన ఏమన్నా ఉందా అంటే ఇద్దరూ లేదన్నారు. వజ్రమ్మ నాలుక కొస పంటి కింద పెట్టుకుని, మెల్లగా, అతను నేర్పినట్టే సంతకం చేసింది.

మెట్ల మీద ఆమె ఆగింది.

"తలెత్తకున్నా అంత సూసినవన్నట్టు."

"సూసిన."

"గప్పుడు ఒక్క మాట అంటే నేను ఉంటుంటి గదయ్యా."

బక్కయ్య తల వంచి ఫైలు దారం ముడి బిగించాడు. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుని మెట్లు దిగింది. గేటు దగ్గర పోచయ్య ఆమె చేతిలో సంచీ అందుకున్నాడు. ఇద్దరూ రోడ్డు దాటి స్టేషన్ వైపు వెళ్ళిపోయారు.

సాయంత్రం మమత కాగితాలు రాయడానికి కూర్చున్నాడు. దారపు ఉండ అయిపోయింది. కొత్తది కోసం అటక మీద చెయ్యి పెడితే పలక తగిలింది. దించి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఒక మూల విరిగింది, అక్షరాలేమీ లేవు. చట్రానికి అప్పుడెప్పుడో తనే ఆకుపచ్చ దారంతో కట్టిన బలపం ముక్క ఇంకా వేలాడుతూనే ఉంది, వజ్రమ్మ కొరికిన పంటిగాట్లతో.