నీలిమందు పూసిన పొదుగు

రండర్రా, ఇలా పొయ్యి దగ్గరికి జరగండి. తలుపు సందులోంచి చలిగాలి కొడుతోంది, ఆ చివర కూర్చున్నవాళ్ళు కూడా ముందుకు రండి. ఒడీల్ సంగతి చెబుతాను. మా ఫ్రెంచి జూరా కొండల్లో ఆవు పొదుగు కింద పీట వేసుకుని కూర్చునే ప్రతి ఆడదీ ఆ పిల్లకి ఒక దణ్ణం పెట్టుకోవాలి.

రెండో ప్రపంచయుద్ధం అయిపోయి కొన్నేళ్ళయింది. మా ఊళ్ళో అద్రియెన్ అని ఒకామె ఉండేది. శుభ్రం అంటే ఆమెకి ప్రాణం. ఆమె కొట్టంలో రొట్టెముక్క కింద పడితే తీసుకు తినొచ్చు అనేవాళ్ళు. మిగతా ఇళ్ళల్లో పాలు పితికేముందు గుప్పెడు గడ్డితో పొదుగు తుడిచి ఊరుకునేవాళ్ళు. అద్రియెన్ అలా కాదు. బకెట్లో గోరువెచ్చని నీళ్ళు, అత్తగారు నేసిన నారగుడ్డ. ఆ గుడ్డ ముంచి ఈ ఆవుకి తుడిచి, పిండి, మళ్ళీ ముంచి పక్క ఆవుకి తుడిచి, అలా కొట్టం ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్ళేది. గడ్డితో తుడిచేవాళ్ళని చూసి, "మీరు పాలు పితుకుతున్నారా, చెప్పులు తుడుచుకుంటున్నారా?" అని ఎగతాళి చేసేది. ఆ మాట పడలేక పక్కింటి సెలెస్టీన్ కూడా గుడ్డా బకెట్టూ పట్టింది. ఆమెని చూసి ఇంకొందరు.

మా దగ్గర పాలు ఎవరికి వాళ్ళు అమ్ముకునేవి కావు. పొద్దున, సాయంత్రం అందరూ క్యాన్లు వీపున వేసుకుని చీజు ఇంటికి మోసుకెళ్ళాలి. అక్కడ ఊరందరి పాలూ ఒకే రాగి గంగాళంలో కలుస్తాయి. అందులోంచే బండిచక్రాలంత చీజు దిమ్మలు తీస్తారు. ఒక్క ఇంటి పాలు చెడితే ఊరందరి చీజూ చెడుతుంది. అందుకే "నీ పాలు వద్దు" అనిపించుకోవడం కంటే పెద్ద అవమానం మా ఊళ్ళో లేదు.

ఆ శీతాకాలం చీజు ఇంటి అర్సేన్ మొహం గంటుపెట్టుకుని తిరిగాడు. గంగాళంలో పాలు సరిగ్గా గట్టిపడటం లేదు. ఒకరోజు పొద్దున అద్రియెన్ పాలు నల్లగుడ్డ మీద వడకట్టి చూస్తే, గుడ్డ మీద తెల్లటి తునకలు మిగిలాయి.

"అమ్మా అద్రియెన్, ఇదేంటిది?" అన్నాడు అందరి ముందూ.

అద్రియెన్ గుడ్డ మీదకి వంగి చూసింది. వెనకనించి సెలెస్టీన్, "మా పాత గడ్డిపరకలే నయమేమో కదమ్మోయ్!" అంది. నలుగురూ నవ్వారు.

"నవ్వకండి. ఆదివారం దాకా చూస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే నీ క్యాను ఈ గుమ్మం దాటదు. నామీద కోపం పెట్టుకోకు తల్లీ, గంగాళం అందరిదీ," అన్నాడు అర్సేన్.

ఇంటికొచ్చి చూసుకుంటే మార్కీజ్ అనే ఆవుకి పొదుగు ఒక పక్క రాయిలా గట్టిపడి ఉంది. అద్రియెన్ ఏం చేసింది? తనకి తెలిసిందే చేసింది. ఇంకాస్త వేడినీళ్ళు, ఇంకాస్త తుడవడం. రెండు రోజులకి పక్క ఆవుకీ వాచింది. ఇంకా గట్టిగా తుడిచింది. ఆ పక్కదానికీ పట్టుకుంది.

"దిష్టి తగిలిందే. ఫాదరీని పిలిచి నీళ్ళు చల్లిద్దాం," అన్నాడు మొగుడు ఫెర్నాఁ.

"నీళ్ళు నేను చల్లుతూనే ఉన్నా కదయ్యా," అని ఏడ్చింది.

అదే వారంలో ఊరికి ఒడీల్ వచ్చింది. సర్కారువాళ్ళు పంపిన పిల్ల. పట్నంలో పెద్ద చదువు చదివింది, మెడకి ఎర్ర మఫ్లరు. ఆమె చేసే పనికి ఫ్రెంచిలో "వ్యుల్గారిజాసియోఁ" అని పేరు. చదువుకున్నవాళ్ళకే తెలిసిన సంగతుల్ని పదిమందికీ అర్థమయ్యేలా చెప్పడం. అరటిపండు ఒలిచి చేతిలో పెట్టడం అంటారే, అదన్నమాట. కానీ ఆ మొదటి రోజు ఊరందర్నీ బడిలో కూర్చోబెట్టి ఆ పిల్ల పండు ఒలవలేదు, గెల తెచ్చి నెత్తిన పడేసింది. తెరమీద బొమ్మలు వేసి, గుండ్రటి చుక్కలు చూపించి, సూక్ష్మజీవులనీ సంక్రమణ అనీ గంటసేపు మాట్లాడింది. మగాళ్ళు గురక పెట్టారు.

"లాటిన్‌లో పూజలాగుంది. అర్థం కాలేదు గానీ, మధ్య మధ్యలో లేచి నిలబడాలనిపించింది," అన్నాడు ఫెర్నాఁ బయటికొస్తూ.

అందరూ వెళ్ళాక ఆ పిల్ల బొమ్మలు చుట్టుకుంటుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చివరి బెంచీ మీద అద్రియెన్ ఒక్కతే మిగిలింది.

"మీకేమైనా అర్థమైందామ్మా?"

"నువ్వు మంచిపిల్లవని అర్థమైంది. మిగతాది కాలేదు."

ఒడీల్‌కి నవ్వొచ్చింది. ఆ నవ్వు చూసి అద్రియెన్‌కి ధైర్యం వచ్చి, పాలూ, తునకలూ, ఆదివారం గడువూ అంతా చెప్పేసింది.

"రేపు పాలు పితికేటప్పుడు నేనొచ్చి కూర్చోనా? ఏమీ మాట్లాడను," అంది ఒడీల్.

మర్నాడు వచ్చింది. పీట వేసుకుని కూర్చుంది. అద్రియెన్ బకెట్ తేవడం, గుడ్డ ముంచడం, ఒక్కొక్క ఆవునే తుడుచుకుంటూ పోవడం చూసింది. చివరికి అడిగింది:

"ఇంట్లో నీలిమందు ఉందా?"

"బట్టలకి పెట్టేదా? ఎందుకు లేదూ!"

సాయంత్రం మళ్ళీ వచ్చి ఆ నీలిమందు ముద్దగా తడిపి మార్కీజ్ పొదుగుకి పూసింది. మా ఆవులకి ఒంటిమీద ఎర్రమచ్చలు గానీ పొట్టా పొదుగూ తెల్లగా ఉంటాయి. "ఇప్పుడు మీరు రోజూ ఎలా చేస్తారో అలాగే చేయండమ్మా," అంది.

అద్రియెన్ మార్కీజ్‌ని తుడిచింది. గుడ్డ పిండింది. పక్క ఆవుని తుడిచింది. ఆ పక్కదాన్నీ. కొట్టం చివరికి వెళ్ళి వెనక్కి తిరిగి లాంతరు ఎత్తి చూస్తే, ప్రతి ఆవు పొదుగూ నీలంగా ఉంది. బకెట్లో నీళ్ళు నీలం. తన పది వేళ్ళూ నీలం.

అలాగే గడ్డిమీద కూలబడింది.

"ఈ జబ్బుని ఊరేగించింది నేనేనా?"

"తెలియక చేశారు. నిన్న గంటసేపు మాట్లాడి నేను చెప్పలేకపోయింది ఇదేనమ్మా." ఒడీల్ ఆమె పక్కనే గడ్డిలో కూర్చుంది. "ఏ ఆవు గుడ్డ దానికే. తుడిచాక మరిగించి ఆరేయాలి. జబ్బు ఆవుని ఆఖర్న పితకాలి, ఆ పాలు క్యానులో పోయకూడదు. పశువుల డాక్టరుతో సూది వేయిద్దాం. అంతే."

"అంతేనా?"

"అంతే." మఫ్లరు సర్దుకుని అంది, "ఇది ఊరందరికీ చూపించాలి. వేరే ఊరినించి ఆవుని తెప్పించి బడి వాకిట్లో చూపిస్తాను. మీ పేరు ఎక్కడా రాదు."

అద్రియెన్ ఆ రాత్రి మంచం మీద దొర్లింది. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. చెబితే అర్సేన్ ఆదివారం దాకా కూడా ఆగకపోవచ్చు. కానీ సెలెస్టీన్ ఆవుకీ పొదుగు వాచిందని ఆ పొద్దున్నే విన్నది. ఆమె చేతికి గుడ్డ పట్టించిందెవరు?

తెల్లారాక ఒడీల్‌తో అంది: "నా కొట్టంలోనే చూపించు. నా చేత్తోనే."

శనివారం సాయంత్రం కొట్టం నిండిపోయింది. అర్సేన్ వాకిలి దగ్గర చేతులు కట్టుకు నిలబడ్డాడు. ఒడీల్ నీలిమందు పూసి పక్కకి తప్పుకుంది, ఒక్క పెద్ద మాట వాడలేదు. అద్రియెన్ బకెట్ పట్టుకుని మొదటి ఆవు నుంచి చివరిదాకా తుడిచింది. అయ్యాక నీలం చేతులు పైకెత్తి అందరికీ చూపించింది.

"గడ్డితో తుడిచేవాళ్ళని చూసి నవ్వాను. మీచేత గుడ్డ పట్టించాను. చూడండి ఏం పంచిపెట్టానో!"

సెలెస్టీన్ ఎగతాళి చేస్తుందనుకున్నారు అందరూ. ఆమె నెమ్మదిగా ముందుకొచ్చి, "మా ఇంట్లోనూ ఇదే బకెట్టు, ఇదే గుడ్డ. నా మొహం మండా, నువ్వే తుడుస్తావు, నాకు పని తప్పుతుందని మొన్నే మార్కీజ్ పక్కన మా ఆవుని కూడా కట్టానే!" అని నెత్తి కొట్టుకుంది. అప్పుడు నవ్వు లేచింది చూడండీ, కొట్టం పైకప్పు ఎగిరింది.

అర్సేన్ దగ్గాడు. "జబ్బు ఆవుల పాలు పారబోసి, మిగతావి రేపు పట్రామ్మా. గుమ్మం తీసే ఉంటుంది," అన్నాడు. తర్వాత టోపీ తీసి ఒడీల్ వైపు తిరిగి, "అమ్మాయిగారూ, మొన్న బడిలో నిద్రపోయాను. ఇవాళ రెప్ప వేస్తే ఒట్టు," అన్నాడు.

నెల తిరిగేసరికి ఊళ్ళో ప్రతి ఇంటి వెనకా తాడుమీద చిన్న చిన్న గుడ్డలు వరసగా ఆరుతుండేవి. ఆవు పేరు దాని గుడ్డ మీద దారంతో కుట్టినవాళ్ళూ ఉన్నారు. చీజు దిమ్మలు మళ్ళీ గట్టిగా, బంగారు రంగులో దిగాయి.

ఒడీల్ వెళ్ళిపోయే రోజు బస్సు దగ్గర ఆడవాళ్ళందరూ ఆమె చేతులు నింపేశారు. వాల్‌నట్లు, వెన్న, ఎండబెట్టిన పుట్టగొడుగులు. అద్రియెన్ ఏమీ తేలేదు. ఆ పిల్ల రెండు చేతులూ పట్టుకుని ముద్దుపెట్టుకుంది.

"నా పరువు పోతుందనుకున్నాను తల్లీ. నువ్వు నాకు తెలివి ఇచ్చావు. తెలిసినదాన్ని నీ దగ్గరే దాచుకుని పోకుండా, నా కొట్టంలోకి వచ్చి గడ్డిమీద కూర్చుని ఇచ్చావు."

"అమ్మా, ఈ సంగతి మిగతా ఊళ్ళల్లో కూడా చెప్పనా? మీ పేరు మార్చి చెబుతాను."

"ఎందుకు మార్చడం? అద్రియెన్ అనే చెప్పు. నీలం చేతుల అద్రియెన్ అని చెప్పు. ఒక్క ఆవు వాపు తప్పినా నాకు చాలు."

బస్సు మలుపు తిరిగేదాకా ఊరంతా చెయ్యి ఊపుతూనే ఉంది.

ఇప్పుడు మీరు విన్నారు కదా. ఒడీల్ పేరూ అద్రియెన్ పేరూ రెండూ గుర్తుపెట్టుకోండి. మీకు తెలిసిన మంచి సంగతి ఏదైనా సరే, ఎవరికైనా చెప్పేటప్పుడు గెల నెత్తిన పడేయకుండా ముందు ఈ కథ చెప్పండి, ఆ తర్వాతే మీ సంగతి మొదలుపెట్టండి.