మంగవ్వ నోటి మాట

ఎల్లారెడ్డిలో బస్సెక్కింది మొదలు స్వాతి ఒకటే పాఠం చెప్పిస్తోంది. పక్కసీట్లో మంగవ్వ బుద్ధిగా అప్పజెబుతోంది.

"సారు అడిగితే ఏం చెప్తవవ్వా?"

"కొడుకు సూస్తలేడని చెప్త. ఒక్కదాన్నే ఉంటున్న, రాత్రి భయమైతదని చెప్త."

"తెగిన చెవి సంగతి?"

"దొంగలు ఇంట్ల జొచ్చి కమ్మలు గుంజుకపోయిండ్రని చెప్త."

"శభాష్!" స్వాతికి ప్రాణం లేచొచ్చింది.

రాదూ మరి! ఒంటరి ముసలివాళ్లు రాత్రిళ్లు నిర్భయంగా పడుకోవడానికి ఎల్లారెడ్డిలో సర్కారు నిధులతో ఒక ఆసరా ఇల్లు నడుస్తోంది. రెండు పూటలా అన్నం, గేటు దగ్గర కాపలా మనిషి. అన్నీ చూసుకునేది స్వాతే. ఇంకో ఏడాది నిధులివ్వాలా వద్దా అని పోయిన వారం కామారెడ్డి నుంచి ఆఫీసరు వచ్చాడు. మన ముసలి పెద్దమనుషులు ఏం చేశారనుకున్నారు? పెట్టెలోని బట్టలు తీసి కట్టుకున్నారు, నూనె రాసి తల దువ్వుకున్నారు. "ఇంట్లో చూసేవాళ్లున్నారా?" అని ఆయన అడగడమే ఆలస్యం, "మాకేం తక్కువ సారు, కొడుకులు మంచిగ సూస్తరు" అని పోటీలు పడి చెప్పారు. పరాయి మనిషి ముందు కడుపున పుట్టినవాణ్ని ఎవరైనా బజారుకీడుస్తారా! ఆయన ఆ మాటే రాసుకుని, అందరికీ ఇండ్లుండగా ఇదెందుకు, మూసేయండి అన్నాడు.

స్వాతి కాళ్లావేళ్లా పడింది. ఆయనేం చెడ్డవాడు కాదు. ఒక్కరైనా వచ్చి సొంత నోటితో నిజం చెబితే మళ్లీ రాస్తానన్నాడు. ఎవరూ కదల్లేదు. మంగవ్వ ఒక్కతే వస్తానంది. దొంగలు పడ్డ నాటి నుంచి ఆమెకు ఒంటరిగా ఉంటే కునుకు పట్టదు పాపం.

కామారెడ్డి ఆఫీసులో సారు కుర్చీ వేయించి కూర్చోబెట్టాడు. "భయపడకమ్మా, ఉన్నదున్నట్టు చెప్పు. నీ కొడుకు ఎక్కడుంటాడు?"

"గీడనే సారు, కామారెడ్డిల. మార్కెట్ కాడ దుకానముంది. హన్మండ్లంటే అందరికెరుకే."

దుకానం మాట ఎత్తగానే ముసలిదాని మొహం వెలిగిపోయింది. అది చూసి స్వాతి, పాఠం గుర్తుచేస్తున్నట్టు కళ్లెగరేసింది.

"నిన్ను చూస్తాడా?"

మంగవ్వ కొంగు సవరించుకుంది. స్వాతి వైపు ఒకసారి, గోడ వైపు ఒకసారి చూసింది. "మంచిగ సూస్తడు సారు."

స్వాతి మోచేత్తో పొడిచింది. ముసలిది కదిలితేనా!

"మరి ఆ చెవి?" ఆయనే అడిగాడు.

"సిన్నప్పుడు తెగింది."

సారు పెన్ను కింద పెట్టాడు. స్వాతి ఏదో చెప్పబోతే ఆగమన్నాడు. "ఆమే కాదంటుంటే నేనేం రాయాలమ్మా?"

నిజమే, ఆయన మాత్రం ఏం రాస్తాడు?

బస్టాండ్ దాకా స్వాతి విసవిసా నడిచింది. బెంచీ మీద కూలబడ్డాక ఇక ఆగలేకపోయింది. "ఏందవ్వా గిట్ల జేసినవ్? గంతమంది ముసలోళ్లు ఇగ యాడ పండుకోవాలె?"

"నోట్లకెళ్లి రాలే బిడ్డా. ఎంత గుంజినా రాలే." మంగవ్వ కళ్లనీళ్లు పెట్టుకుంది. "వాని పేరు ఆ కాయితంల ఎక్కితే నలుగురు ఏమనుకుంటరు?"

స్వాతికి తిట్టాలని ఉంది. ఎవరిని తిట్టాలో తెలియక ఏడుపొచ్చింది.

మంగవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుని మెల్లగా అడిగింది. "ఇల్లు మూసినంక మీ ఇంట్ల జర ఓ మూలకు పండుకోనా బిడ్డా? అన్నం గిన్నం ఏమొద్దు."

స్వాతి ఇల్లంటే ఒక్క గది. అందులోనే అత్త, మొగుడు, పిల్లలు. రమ్మందామంటే చోటు లేదు, వద్దనడానికి నోరు రాదు. బస్సు వస్తోందేమో చూస్తున్నట్టు అటు తిరిగి, "సూద్దాం తియ్యవ్వా" అంది.



"నా కొడుకు గూడ గట్లనే అంటడు బిడ్డా" అంది మంగవ్వ.