మూడో కోటింగ్

రెండో కోటింగ్ ఆరకముందే ఎర్రగీత మళ్ళీ పైకి తేలింది. పెయింటర్ బ్రష్‌ని డబ్బా అంచుకు తుడిచి, ఓ అడుగు వెనక్కి వేసి చూశాడు. పొద్దున్నుంచి అయిదు గదులు ఏ పేచీ లేకుండా అయిపోయాయి. ఈ ఆరో గది దగ్గరే పని మొండికేసింది.

ఆ గీత గీసింది తనే. తొమ్మిదేళ్ళ కిందట వరద తీశాక, గోడమీద బురదచార ఆగినచోట హెడ్మాస్టరుగారు దగ్గరుండి రెడ్ ఆక్సైడ్‌తో గీయించారు. ఇటుకబట్టీల పిల్లల కోసం రేకుల షెడ్డులో మొదలై మేడగా ఎదిగిన హైస్కూలు అది. ఊరి చివర ఈ పేటలో అప్పట్లో మేడ అంటూ ఉన్నది అదొక్కటే. ఓట్లు అక్కడే, టీకాలు అక్కడే, పెళ్ళి భోజనాలూ అక్కడే. ఆ రోజు నాలుగొందల మంది ప్రాణాలు దక్కించుకున్నది కూడా ఆ మేడమీదే.

ఇప్పుడు స్కూలు ఆటస్థలంలో సగం పోయి అపార్టుమెంటు లేచింది. అది కట్టినాయన స్కూలుకి ఉచితంగా రంగులు వేయిస్తున్నాడు. ఎంత మంచి మనసో అని పేటంతా మెచ్చుకుంటోంది. ఫ్లాటు కొనేవాళ్ళు పక్కనే ఉన్న స్కూలు కూడా చూసిపోతారని, చూస్తే ఆ గీత కంటబడుతుందని పని చేయిస్తున్న మేస్త్రీకి తెలుసు. పెయింటర్‌కీ తెలుసు. ఏడాదికి సరిపడా పని ఆ ఫ్లాట్లలో ఉందని ఇంకా బాగా తెలుసు.

"ఇంకో కోటింగ్ లాగించెయ్. మనుషులొస్తున్నారు," అన్నాడు మేస్త్రీ గుమ్మంలోంచి.

"ఎన్ని వేసినా తేలుతుంది మేస్త్రీ."

"నువ్వు గీసిందేగా, నీ మాట కూడా వినదా?" అని నవ్వి వెళ్ళిపోయాడు.

వరండా ఊడుస్తున్న ఆయా ఇటు చూడలేదు. ఆమె పెయింటర్‌కి సొంత అక్క. ఈ గది సంగతి ఇద్దరూ ఏనాడూ ఎత్తుకోలేదు. వరదొచ్చిన రోజు అమ్మని మోసుకొచ్చి ఇక్కడ ముందు బెంచీమీద కూర్చోబెట్టింది అతనే. "బియ్యం బస్తా పైన పడేసి వస్తానమ్మా, కదలకు," అన్నాడు. అమ్మ కదల్లేదు. మెట్ల నిండా మూటలతో జనం. తోసుకుని దిగేసరికి నీళ్ళలో కింది మెట్లు కనబడలేదు. ఆ బియ్యం మేడమీద మూడు రోజులు అందరూ తిన్నారు, అతనూ తిన్నాడు. అప్పుడు ఏడుపు రాలేదు, ఆ తర్వాతా రాలేదు. ఇవాళా ఏమీ అనిపించలేదు. చెయ్యి మాత్రం గోడమీద బ్రష్ ఆడిస్తూనే ఉంది.

మేస్త్రీ వెనకే భార్యాభర్తలు, కర్ర పట్టుకుని ఓ ముసలమ్మ వచ్చారు.

"అత్తయ్య మెట్లెక్కలేరండీ. మాకు కింది ఫ్లాటే కావాలి," అంటున్న కోడలు గోడ చూసి ఆగింది. "ఏంటా చార?"

"చెమ్మ అమ్మా. ఇంకో కోటింగ్ పడితే పోతుంది. ఏమోయ్, అంతేగా?"

పెయింటర్ తలూపబోయాడు. ముసలమ్మ ముందు బెంచీమీద మెల్లగా కూర్చుంది.

"మీరు తిరిగి చూసి రండి. నేను ఇక్కడే ఉంటాలే, కదలను," అంది.

బ్రష్ అతని చేతిలోంచి జారి డబ్బాలో పడింది.

"చెమ్మ కాదమ్మా. వరదనీళ్ళు అక్కడిదాకా వచ్చాయి." తన గొంతే ఎవరిదోలా వినబడింది అతనికి.

"ముందు బ్రష్ తియ్! రేపట్నుంచి పని కావాలా, అక్కర్లేదా?"

"ఈ గోడకి నేను వెయ్యను."

వరండాలో చీపురు చప్పుడు ఆగిపోయింది.

ముసలమ్మ లేచింది. రంగు అంటుకుంటుందని కోడలు అంటున్నా వినకుండా, తడిగోడకి వీపు ఆనించి నిటారుగా నిలబడింది.

"ఎందాకా వచ్చాయో చూసి చెప్పు నాయనా."

పెయింటర్ చూశాడు. గీత ఆమె తలకి జానెడు పైన ఉంది.