అయిపోయిన గోడ

గోడ కూలిన పొద్దున మేస్త్రి ముందుగా బీమా ఆఫీసుకే ఫోన్ చేశాడు. "మేడమ్, మా గోడ అయిపోయిందండీ!" అన్నాడు లబోదిబోమంటూ. అవతలి అమ్మాయి "సంతోషమండీ" అంటూ ఏదో రాసుకుంది. ఇందులో సంతోషమేమిటో అతనికి బోధపడలేదు. పెద్ద ఆఫీసుల మర్యాదలు ఇలాగే ఉంటాయి కాబోలు అనుకుని ఊరుకున్నాడు.

పదో రోజున ఉత్తరం వచ్చింది. పని పూర్తయ్యాక జరిగిన నష్టం ఈ పాలసీ కిందకు రాదట. గోడ పడింది పక్కింటి కుట్టుపనావిడ రేకుల గది మీద. ఆ సమయానికి మనిషి లోపల లేదు కాబట్టి సరిపోయింది గానీ, రెండు మిషన్లూ నుజ్జునుజ్జయ్యాయి. బీమావాళ్లు ఇవ్వకపోతే వాటి కోసం అతను కాంక్రీటు కలిపే మిల్లరు అమ్ముకోవాలి. అది పోతే ఈ వయసులో మళ్లీ ఇంకొకరి కింద తాపీ పట్టాలి.

ఆవిడను వెంటబెట్టుకుని ఆఫీసుకు వెళ్లాడు. ఆఫీసరమ్మ కాగితం తిరగేసి, "గోడ అయిపోయిందని మీరే చెప్పారుగా?" అంది.

"అయిపోయిందంటే పడిపోయిందనండీ!"

"మరి పని పూర్తయిందా, లేదా?"

మేస్త్రి తల గోక్కున్నాడు. కట్టడం అయింది. ప్లాస్టరింగ్ కాలేదు. ఇంకా వారం రోజులు నీళ్లు పట్టాలి. కట్టిన మర్నాడే పడింది. పడిన గోడ పూర్తయినట్టా, కానట్టా? తనకే తెలియదు. ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

"అయితే పని నడుస్తున్నట్టే," అని ఆమె ఏదో దిద్దింది. అతనికి ప్రాణం లేచొచ్చింది. "ఎందుకు పడింది?" అని అడిగింది ఆఫీసరమ్మ.

"గాలికండీ. పెనుగాలి."

ఇదే మాట అంతకుముందే వీధిలో అందరికీ చెప్పాడు. కుట్టుపనావిడకైతే ఇంకో ముక్క కలిపాడు: "బట్టలారేసుకునే తాడు కూడా గోడకే కట్టావు కదక్కా." ఆవిడ తల దించుకుంది. ఆ తర్వాత మిషన్ల ఊసే ఎత్తలేదు.

ఆఫీసరమ్మ కలం కింద పెట్టింది. "గాలికి పడితే తప్పు మీది కాదు కదా. అప్పుడు ఆవిడకి మేం ఇచ్చేదేమీ ఉండదు."

"తప్పు లేకపోతే ఇవ్వరా?"

"మీ పొరపాటు వల్ల పక్కవాళ్లకి నష్టం జరిగితే ఇవ్వడానికే ఈ పాలసీ. జరిగింది జరిగినట్టు చెప్పండి."

మేస్త్రికి అంతా తలకిందులైపోయింది. తప్పొప్పుకుంటే పాలసీ చింపేస్తారని ఇన్నేళ్లూ హడలిపోయాడు. ముప్పై ఏళ్ల పనిలో, గోడ వంకరగా ఉందన్నవాడికి నీ మెడే వంకర అని చెప్పిన మనిషి. ఆఫీసరమ్మ వైపు చూశాడు, పక్క కుర్చీలో ఉన్న కుట్టుపనావిడ వైపు చూశాడు. ఎవరికి చెప్పాలో తెలియక బల్లకే చెప్పాడు.

"రోజుకి నాలుగడుగులకి మించి లేపకూడదండీ. ఇంకో పని ఒప్పుకున్నానని ఒక్కరోజులో ఏడడుగులు లేపేశాను. సిమెంటు పచ్చిగానే ఉంది. ఓ మాదిరి గాలికే పడింది."

ఆఫీసరమ్మ రాసుకుంది. కుట్టుపనావిడ మాత్రం అతని వైపు తిరిగింది.

"అంటే నా తాడు వల్ల కాదా?"

మేస్త్రి సిగ్గుతో చచ్చిపోయాడు. "కాదక్కా. తాడుకి గోడ పడుతుందా?"

"పది రోజులుగా నిద్ర లేదు," అందావిడ. "మిషన్లు పోతే పోయాయి, నీ గోడ కూల్చేశానని."

ఆఫీసరమ్మ సంతకానికి కాగితం ముందుకు తోసింది. "అయిపోయిందండీ," అంది. ఏది అయిపోయిందని అడిగే ధైర్యం మేస్త్రికి లేకపోయింది.