గడప దాటని తులసికోట

నేను ఒక తులసికోటను. నా ముందు చేతులు జోడించేవాళ్లను చూశాను. ఆ చేతులు దించాక వాళ్లే ఏం మాట్లాడతారో కూడా విన్నాను. అందుకే మనుషుల మీద నాకు పెద్దగా గౌరవం మిగల్లేదు. తప్పయితే దేవుడు క్షమించాలి.

నేను పుట్టింది తాడేపల్లిగూడెంలో, రోడ్డు పక్క షెడ్డులో. నన్ను చేసిన ఇసుకా సిమెంటుతోనే బావి వరలూ చేశారు. వాటికెవరూ దండం పెట్టలేదు. నాకు మాత్రం పసుపు రంగు పూసి, దీపానికో గూడు పెట్టి, దేవతని చేసి అమ్మారు. కొన్నవాడు కామేశ్వరరావు, బియ్యం మిల్లులో గుమాస్తా. భార్య సత్యవేణితో భ్రమరాంబగారింట్లో వెనక వాటాలో అద్దెకుండేవాడు. ముందు వాటాలో భ్రమరాంబగారు ఒక్కరే ఉండేవారు.

మొక్క నాటింది సత్యవేణి. పొద్దున్నే నీళ్లు పోసి ముగ్గు పెట్టేది ఆవిడే. సాయంత్రం దీపం మాత్రం భ్రమరాంబగారిది. ఒక వానాకాలం నేను పక్కకి ఒరిగితే, స్నానాలగది బాగుచేయడానికొచ్చిన మేస్త్రీ చేత భ్రమరాంబగారు నా కింద గట్టు కట్టించారు. అప్పట్లో ఒకరికొకరు "పిన్నిగారూ", "అమ్మాయ్".

తరవాత భ్రమరాంబగారు మేడ మీద వడియాలు పెట్టిన రోజు సత్యవేణి తడి దుప్పటి పక్క తీగ మీద ఆరేసింది. గాలికి అది వెళ్లి వడియాల మీద పడింది. ఆ రోజుతో పిన్నిగారు పోయి "ఆ ఇంటావిడ" వచ్చింది, అమ్మాయి పోయి "అద్దెకున్నవాళ్లు" వచ్చారు. ఇద్దరికీ మాటల్లేవు. కానీ ఆడిపోసుకోకుండా ఉండలేరు కదా. దానికి నేను పనికొచ్చాను.

"తులసమ్మా, కొందరికి మోటారు వెయ్యడానికి చెయ్యి రాదు తల్లీ, కట్టెయ్యడానికి మాత్రం పరుగెత్తుకొస్తారు" అని పొద్దున సత్యవేణి నా చుట్టూ తిరుగుతూ అనేది, ముందు వాటా కిటికీకి వినపడేలా.

"తల్లీ, కడుపు చల్లగా ఉండాలని నీకు నీళ్లు పోస్తారు, పక్కవాళ్ల వడియాలక్కూడా పోస్తారు" అని సాయంత్రం భ్రమరాంబగారు వత్తి ఎగదోస్తూ జవాబిచ్చేవారు.

నాకు చెప్పిన మాట నాకోసం కాదు, నాకు పెట్టిన దీపం నాకోసమో కాదో నాకు తెలియదు.

చివరికి కామేశ్వరరావు విసిగిపోయి కాలవ అవతల ఇల్లు చూశాడు. కిరాణా కొట్టు నుంచి అట్టపెట్టెలు వచ్చాయి. ఇత్తడి సామాను పాత చీరల్లో చుట్టారు. పురోహితుడు శుక్రవారం పొద్దున పాలు పొంగించమన్నాడు. అది దాటితే ఆషాఢం. కొత్త గుమ్మంలోకి ముందు దేవుడి పటం, తులసి, ఆ తరవాతే ఉప్పూ పసుపూ అని సత్యవేణి తీర్మానించింది.

ఆ సాయంత్రం భ్రమరాంబగారు దీపం పెట్టి, "శుక్రవారం పూట మా ఇంటి లక్ష్మిని గడప దాటించే మొనగాళ్లెవరో చూస్తాను తల్లీ" అన్నారు.

ఇద్దరిదీ ఒకే పంచాంగం. ఒకే శుక్రవారం ఒకరికి తీసుకురమ్మని చెప్పింది, ఇంకొకరికి పంపొద్దని చెప్పింది. ఆ రోజు లక్ష్మి రావాలో ఉండాలో ఆవిడనెవరైనా అడిగారా?

కామేశ్వరరావు రాజీకొచ్చాడు. "గురువారమే తవ్వేస్తామండి. గట్టు మీరు కట్టించిందే, కోట కూడా ఉంచేసుకోండి. మొక్క మాత్రం మాది."

భ్రమరాంబగారు అతని వైపు చూడకుండా, "తల్లీ, నీ ఇష్టం" అన్నారు, నాతో.

గురువారం పొద్దున అతను గునపంతో నాలోని మట్టి గుల్ల చేశాడు. నా అంచు ఒక పక్క పగిలింది. ఎవరూ అయ్యో అనలేదు. మొక్క మాత్రం కదల్లేదు. చెయ్యి పెట్టి చూస్తే పెద్ద వేరు నా అడుగున ఉన్న చిల్లులోంచి, గట్టు పగులులోంచి ఆ నేలలోకి దిగిపోయి ఉంది.

"కొయ్యాల్సిందే" అన్నాడు. "లేకపోతే ఇదుగో, గట్టు పక్కన పిల్లమొక్కలు బోలెడున్నాయి. ఒకటి పీక్కుపోదాం."

"అవి ఎవరికి కావాలి? నేను పెంచింది దీన్ని."

"అయితే కత్తి తే."

తెచ్చింది. వసారాలోంచి భ్రమరాంబగారి గొంతు వచ్చింది. "తులసమ్మా, ఎనిమిదేళ్లు నీళ్లు పోసిన చేత్తో కోస్తారేమో చూస్తున్నాను తల్లీ. చూడనీ."

సత్యవేణి కత్తి పట్టుకుని వంగింది. ఆవిడ ఊపిరి నా గోడకి తగిలింది. తరవాత కత్తి పక్కన పడేసి రెండు చేతులతో మట్టి లోపలికి నెట్టింది.

"పూడ్చెయ్యండి."

"రేపు పటం వెనకాల ఏం పట్టుకెళ్తావే?"

"ఉప్పూ పసుపూ ఉన్నాయిగా. పదండి."

శుక్రవారం పొద్దున నాకు నీళ్లు పోసింది, ముగ్గు పెట్టింది, ముందు వాటా వైపు చూడకుండా ఆటో ఎక్కింది. భ్రమరాంబగారు తలుపు తియ్యలేదు.

గెలిచిన ఆవిడకి మర్నాటి నుంచి పొద్దున పని కూడా వచ్చి పడింది. మోకాళ్ల నొప్పులతో చెంబు పట్టుకుని వచ్చేవారు. నీళ్లు పోసేవారు. ఏమీ మాట్లాడేవారు కాదు. వినడానికి అవతల కిటికీ మూసి ఉంది. నాకు ఇన్నేళ్లకి నిశ్శబ్దం దొరికింది. అదేమంత పుణ్యంగా అనిపించలేదు.

శ్రావణంలో ఒక జంట వాటా చూడటానికి వచ్చింది. అమ్మాయి వంటగది చూసి, పెరట్లోకి వచ్చి నాకు దండం పెట్టింది.

"తులసికి నేను నీళ్లు పొయ్యొచ్చాండీ?" అంది.

"పొద్దున నీళ్లూ ముగ్గూ నీవి, సాయంత్రం దీపం నాది. ఇష్టమైతేనే దిగండి" అన్నారు భ్రమరాంబగారు. మేడ మీది తీగ వైపు చూసి, "నాతో మాట్లాడక్కర్లేదు. దానితో మాట్లాడుకో, కాస్త గట్టిగా" అన్నారు.