కట్టల సందులో స్టూడియో

ఫ్రిజ్ కొంటానని వీధంతా చాటి కంప్యూటర్ కొన్న ఇల్లాలు, తెలుగువాళ్లు పనికోసం వలస వచ్చి స్థిరపడిన నవాగామ్‌లో స్వరాజ్యం ఒక్కతే. అదీ కొత్తది కాదు, ఒకరు వాడింది. చిట్టీ ఎత్తుకున్న రోజున ఫ్రిజ్ ఏ మూల పడుతుందో జానలతో కొలిచి చూపించింది పక్కింట్లో ఉండే ఆమె ఆడబిడ్డ లింగవ్వ. అందుకే ఆ మూల ఖాళీగా ఉండబోతోందని తెలిసినప్పటి నుంచి లింగవ్వకు తన సొంత జాగా ఎవరో కాజేసినట్టు ఉంది.

"ఫ్రిజ్ అయితే నీళ్లన్న సల్లగైతుండె. గా కంప్యూటర్ ఏం సల్లగ జేస్తది స్వరాజ్యం?"

"మీ తమ్ముని బుర్ర, వదినె."

తమ్ముడు గంగారాం ఆ మాట విననట్టు చీరలు మడత పెడుతూ ఉండిపోయాడు. రింగ్ రోడ్‌లో ఒక సేఠ్ దుకాణానికి చీరలు మడిచి, కట్టలు కట్టి ఇవ్వడం అతని పని. లాక్‌డౌన్ ఎత్తేశారు గానీ, తెలుగు రాష్ట్రాల నుంచి సరుకు కొనడానికి వచ్చే దుకాణదారులు మాత్రం రావడం లేదు. సేఠ్ గోదాము నిండిపోయింది. మిగిలిన కట్టలన్నీ గంగారాం ఇంటి ముందు గదిలో, కప్పును తాకేలా పేర్చి పెట్టారు. ఆ కట్టలకూ గోడకూ నడుమ ఒక మనిషి పట్టేంత సందు మిగిలింది.

ఆ సందు స్వరాజ్యానికి బాగా పనికొచ్చింది. లింగవ్వ ఇంటికీ వీళ్లింటికీ నడుమ ఉన్నది పేరుకే గోడ. ఇటు తుమ్మితే అటునుంచి దీవెన వస్తుంది. జగిత్యాలలో ఉన్న చెల్లెలితో మనసు విప్పి మాట్లాడాలంటే ఆ సందు ఒక్కటే దిక్కు. లింగవ్వ మీద స్వరాజ్యం చేసిన పరిశోధన అంతా అక్కడే వెలువడింది. ఒక్క ముక్క కూడా గోడ దాటలేదు.

కంప్యూటర్ అవసరం కూతురు హారతి వల్ల వచ్చింది. కాలేజీ మూతపడి ఇంట్లో కూర్చున్న పిల్ల, తండ్రి మడిచే చీరలను ఫోన్‌తో వీడియో తీసి, ముక్కలు అతికి, పాట తగిలించి సేఠ్‌కు పంపేది. ఆయనకు నచ్చింది. వారం వారం పెద్ద వీడియో కావాలి, చీర గురించి తెలుగులో చక్కగా చెప్పాలి, ఆదివారంలోగా ఒక నమూనా ఇస్తే పని నీదే, లేకపోతే వేరే వాళ్లకిస్తాను అన్నాడు. ఆ మాట వినగానే హారతికి సంతోషం ముంచుకొచ్చింది. ఫోన్‌కు మాత్రం జబ్బు చేసింది. రెండు వీడియోలు కలపమంటే గుండ్రంగా తిరుగుతూ వేడెక్కి ఆగిపోయేది.

ఇక తెలుగు సంగతి. హారతి చెబితే సగం హిందీ కలిసి ఇలా ఉంటుంది: "ఈ సాడీ బహుత్ బారీక్ ఉంది, పహన్‌నేకు హల్కా ఉంటది." కాబట్టి గొంతు స్వరాజ్యానిది. ఆమె బి.ఏ. చదివింది. ఆ చదువు ఇంతవరకు పెళ్లిచూపుల్లో ఒకసారి, గ్యాస్ కనెక్షన్ దరఖాస్తు నింపేటప్పుడు ఒకసారి పనికొచ్చింది. మూడోసారి వచ్చిన అవకాశాన్ని ఆమె వదలదలచుకోలేదు. ఫ్రిజ్ వెనక్కి పోయింది.

బమ్రోలిలో సోమలింగం అనే అతను పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసేవాడు. పెళ్లిళ్లు పదిమందితో అయిపోతున్న రోజులు. ఆల్బం లేదు, వీడియో లేదు. దాంతో వీడియోలు కలిపే తన పెద్ద కంప్యూటర్ అమ్మేస్తానన్నాడు. తల్లీకూతుళ్లు గంగారాంను తోడు తీసుకుని వెళ్లారు. సోమలింగం గది మరమగ్గాల షెడ్డు మీద ఉంది. కింద సాంచెలు దడదడలాడుతుంటే పైన మనుషులు కేకలు వేసుకుని మాట్లాడుకోవాలి.

బేరానికి స్వరాజ్యం సూత్రం ఒకటే. ఎంత నచ్చినా మొహంలో కనబడకూడదు. కరోనా మేలు చేసిందంటే ఈ ఒక్క విషయంలోనే చేసింది. మాస్కు వెనక ఎంత నవ్వుకున్నా అమ్మేవాడికి తెలియదు. హారతి మాత్రం కళ్లతోనే మొత్తం చెప్పేస్తోంది.

"చూపు కిందికి దించు," అని స్వరాజ్యం కూతురి చెవిలో అరిచింది.

హారతి పెట్టె పక్క రేకు విప్పి లోపల చూసింది. పెద్ద పెళ్లి వీడియో తెరిచి ముందుకూ వెనక్కూ లాగింది. ఎక్కడా తడబడలేదు. వీడియో మొత్తం బయటికి తీయమంటే టీ తాగి గ్లాసు కింద పెట్టేలోపు మిషన్ తీసి ఇచ్చింది. హారతి స్పీకర్లు పెద్దగా పెట్టి పరీక్షించింది.

సోమలింగం పెట్టె మీద చెయ్యి వేసి నిమిరాడు. "ఎంతమంది పెండ్లిబిడ్డలను అత్తగారింటికి సాగదోలిందో అక్కా గిది. ఒక్కనాడు మొరాయించలె. చప్పుడనేదే ఉండది, పిల్లి లెక్క పండుకుంటది."

ముగ్గురూ చెవులు రిక్కించారు. నిజమే, పెట్టెలోంచి ఏ చప్పుడూ వినబడలేదు.

ఆటోలో ఇంటికి తెచ్చి, పసుపు కుంకుమ పెట్టి, అగరువత్తి చూపించి స్విచ్ వేశారు. లోపలి ఫ్యాన్లు తిరగడం మొదలైంది. మొదట ఈల, తర్వాత గురక, ఆ తర్వాత ఎత్తు ఎక్కుతున్న లారీ.

"గిదేందే?" అన్నాడు గంగారాం వెనక్కి జరిగి.

జవాబు చెప్పేలోపు లింగవ్వ గుమ్మంలోకి వచ్చింది. "పిండిగిర్నీ పెట్టిన్రా తమ్మీ? మా ఇంట్ల గోధుమలున్నయి, తేవాల్నా?"

హారతి మైకు పెట్టి అమ్మతో నాలుగు మాటలు చెప్పించింది. విని చూస్తే స్వరాజ్యం లారీలో వెళ్తూ చీరలమ్ముతున్నట్టుంది. సాఫ్ట్‌వేర్‌తో ఆ హోరు తీసేస్తే గొంతు బిందెలోంచి వచ్చినట్టయింది. తెల్లవారితే ఆదివారం.

సోమలింగానికి ఫోన్ చేస్తే పాపం పరుగున వచ్చాడు. గుమ్మంలో నిలబడి తన మిషన్‌నే కొత్తగా చూశాడు.

"దేవుని తోడు అక్కా, గిది గిట్ల అరుస్తదని నాకే ఎరుకలేదు! ఇన్నేండ్ల సంది సాంచెల మీదనే ఉంటి. గిది అరిస్తె నాకెట్ల వినొస్తది?" గంగారాం వైపు తిరిగాడు. "వాపస్ తీస్కపోత అన్నా. మీ పైసలు మీకిస్త."

గంగారాం మొహం వెలిగింది. లింగవ్వ ఫ్రిజ్ మూల వైపు చూసింది. హారతి ఎవరినీ చూడలేదు. మైకు వైరు మెల్లగా చుట్ట చుట్టసాగింది. ఆ పిల్ల ఏడ్చినా స్వరాజ్యం ఓర్చుకునేదేమో. ఆ వైరు చుట్టడం మాత్రం ఆమె చూడలేకపోయింది.

"జర ఆగుండ్రి," అని ఫోన్ పట్టుకుని కట్టల సందులోకి దూరింది. ఏ కష్టమొచ్చినా చెల్లెలికి చెప్పుకోవడం అలవాటు. అంతా చెప్పింది.

"మరి మిషిన్ బంద్ చేసినవా అక్కా? నీ గొంతు మంచిగనే వినొస్తుంది గద," అంది చెల్లెలు.

స్వరాజ్యం తల బయటికి పెట్టి చూసింది. మిషన్ లారీలా సాగుతూనే ఉంది. తల లోపలికి తీసుకుంది. నిశ్శబ్దం. చెల్లెలికి చెప్పకుండానే ఫోన్ కట్ చేసి బయటికొచ్చింది.

"హారతీ, మైకు అండ్ల పెట్టు. అండ్లకు ఏ చప్పుడూ రాది, అండ్లకెళ్లి ఏదీ బయటికి పోది."

"నీకెట్ల తెలుసు?" అంది లింగవ్వ.

"నేను రోజూ అండ్ల మాట్లాడుత గద వదినె, మీకు ఎన్నడన్న వినొచ్చిందా?"

"లేదు."

"మరి గదే."

లింగవ్వ తల ఊపింది. ఊపాక ఆగింది. "ఏం మాట్లాడుతవ్ అండ్ల?"

"దేవుని పాటలు," అంది స్వరాజ్యం.

వాపసు మాట వదిలేసి పెట్టెను వంటింటి గుమ్మం దగ్గరికి జరిపారు. వైరు కట్టల మీదుగా సందులోకి దించారు. సందు మొదట్లో పాత చీర ఒకటి తెరలా కట్టారు. ఆదివారం పొద్దున్నే స్వరాజ్యం స్నానం చేసి, ఎవరికీ కనబడకపోయినా మంచి చీర కట్టుకుని లోపలికి వెళ్లింది. ఉక్కపోతలో, చెమటలు కారుతుండగా, తీరిగ్గా మొదలుపెట్టింది.

"ఈ రంగు పసుపు మరకను బయటపెట్టదు. ఈ అంచు ఎన్ని ఉతుకులకైనా ముడుచుకోదు. ఇది కట్టుకుని వెళ్తే ఆడబిడ్డ కూడా వంక పెట్టలేదు. ఒకవేళ పెడితే, ఆమెకూ ఇలాంటిదే ఒకటి కొనివ్వండి."

తెర అవతల హారతి కిసుక్కుమంది. మైకులోకి ఆ నవ్వు రాలేదు.

సేఠ్‌కు తెలుగు రాదు. వీడియోను తెలుగు దుకాణదారులందరికీ పంపించి ఊరుకున్నాడు. వాళ్ల దగ్గర నుంచి ఆర్డర్లు వస్తుంటే ఆయనకు వీడియో అర్థమైంది. పని హారతికే ఇచ్చాడు. ఆ వీడియో మెట్‌పల్లి దాకా వెళ్లి, అక్కడి చుట్టాల ఫోన్ల మీదుగా తిరిగి నవాగామ్‌లో లింగవ్వ చేతికి చేరింది. ఆమె వాకిట్లో నిలబడి వీధంతా వినేలా పెట్టింది.

"గా గొంతు మా తమ్ముని భార్యది. బీయే చదివింది!" అని అందరికీ చెప్పి, లోపలికొచ్చి చెయ్యి చాపింది. "ఆడబిడ్డకు ఒకటి కొనియ్యాలె అన్నవు గద. ఏది నా చీర?"

స్వరాజ్యం అప్పటికప్పుడు ఒకటి తీసి ఇచ్చింది. అంత న్యాయమైన వాటా ఇంకెక్కడా ఉండదనిపించింది.

తర్వాతి వారం టెంపో వచ్చి గుమ్మం ముందు ఆగింది. అమ్ముడుపోయినవి ఇంట్లో ఉన్న ఆ కట్టలే. గంగారాం, హమాలీ కలిసి ఒక్కొక్కటీ మోసుకుపోతుంటే గది మళ్లీ గది అయింది. స్వరాజ్యం నడిమధ్యన నిలబడి "హారతీ" అని పిలిస్తే గోడలకు తగిలి రెండు హారతులు వినబడ్డాయి.

"అమ్మా, నీ ఆవాజ్ నీ స్టూడియోనే అమ్మేసింది," అంది కూతురు.

స్వరాజ్యానికి బాధ వేయాలి. వేయలేదు. ఊరూరి ఆడవాళ్లు తన మాట విని కట్టుకోబోయే చీరలు అవి. వీధి మలుపు తిరిగేదాకా టెంపోను కళ్లారా చూసి, సేఠ్‌కు ఫోన్ చేసింది. కొత్త సరుకు గోదాములో ఎందుకు, తమ ఇంటికే పంపమంది. ఇల్లు ఖాళీ చేయించమని బతిమాలే వాళ్లనే ఇన్నాళ్లూ చూశాను, నింపమని అడిగేది నువ్వొక్కతెవే అన్నాడాయన.

"గొంతు మాది సేఠ్‌జీ. గోడలు మీరే పంపాలి," అంది హిందీలో.

పంపించాడు. ఈసారి కట్టలు ఎలా పేర్చాలో స్వరాజ్యం దగ్గరుండి చెప్పింది. సందు కాస్త వెడల్పు చేయించి, లోపల పీట వేయించింది. చివరి కట్ట పడగానే లింగవ్వ తయారైంది, చేతిలో ఫోనుతో, కొత్త చీరలో.

"నా బిడ్డతోని జర మాట్లాడేదుంది స్వరాజ్యం. ఒక్క పది నిమిషాలు గా సందు ఇస్తవా?"

కాదనడానికి కారణం దొరకలేదు. లింగవ్వ లోపలికి వెళ్లి తెర లాక్కుంది. స్వరాజ్యం చీపురు పట్టుకుని ఊడ్చిన చోటే మళ్లీ ఊడుస్తూ కట్టలకు చెవి ఆనించింది. తన పేరు ఒక్కసారైనా వినబడుతుందేమోనని చాలాసేపు చూసింది.

ఒక్క ముక్క వినబడలేదు. స్టూడియో అంత బాగా కుదిరింది మరి.