నాలుగు నుంచి ఆరు దాకా

బుల్లెమ్మగారు కాకినాడ వెళ్ళిపోయారు. ప్రత్యేక రాష్ట్రం గొడవలు సద్దుమణిగాక వస్తామన్నారు గానీ, సామానంతా కట్టుకుని వెళ్ళినవాళ్ళు ఏం వస్తారు? ఆవిడని తప్పు పట్టను. అరవై తొమ్మిదిలో మాలాంటి కోస్తావాళ్ళు చాలామంది అలాగే వెళ్ళారు. నా బాధల్లా ఒక్కటే. మా ఏడేళ్ళ సుబ్బులుని నారాయణగూడ బడి నుంచి తీసుకొచ్చి, నేను ఆఫీసు నుంచి వచ్చేదాకా చూసిపెట్టే మనిషి ఆవిడే.

బడి నాలుగింటికి వదులుతారు. బషీర్‌బాగ్‌లో నా టైపిస్టు ఉద్యోగం ముగించుకుని చిక్కడపల్లి చేరేసరికి ఆరవుతుంది. మా ఆయన జోగారావు నాగార్జునసాగర్ పనిలో ఉండి పదిహేను రోజులకోసారి వస్తారు. ఆ రెండు గంటలు పిల్లని ఎక్కడ పెట్టను? బడిలో అడిగితే నాలుగున్నరకి గేటుకి తాళం వేసేస్తామన్నారు. వీధిలో మూడిళ్ళ తలుపు తట్టాను. ఎవరి ఇబ్బందులు వాళ్ళవి. పర్మిషన్లు అడిగి అడిగి ఆఫీసరుకి లోకువైపోయాను. టెంపరరీ దానివి, ఇంకో రెండుసార్లు ముందే వెళ్ళావంటే ఆ మర్నాడు రానక్కర్లేదు పొమ్మన్నాడు. ఆ ఉద్యోగం కోసం నేను రెండేళ్ళు తిరిగాను.

ఇక మిగిలింది కింద వాటాలో ఉండే ఇంటావిడ అరుంధతిగారు. అరవై దాటిన మనిషి, తరతరాలుగా ఈ ఊరివాళ్ళు. ఆవిడని అడుగుదామనే ఓ రోజు పర్మిషన్ పెట్టి ముందుగా వచ్చాను. గేటు తీసేసరికి, తోటిపిల్లలతో అప్పటికే వచ్చేసిన సుబ్బులు ఆవిడ గుమ్మంలో చెయ్యి చాపుకుని నిలబడి ఉంది. ఆవిడేమో కొంగు లాక్కుని వెనక్కి జరుగుతూ "దూరం, దూరం" అంటోంది.

నా ఒళ్ళు మండిపోయింది. ఆంధ్రావాళ్ళ పిల్ల తాకితే అరిగిపోతుందా ఈ మహాతల్లి? సుబ్బులుని రెక్క పట్టుకుని మేడ మీదికి లాక్కుపోయాను. మళ్ళీ ఆ గడప తొక్కావంటే కాళ్ళు విరగ్గొడతానన్నాను. రోజూ బడి నుంచి అలాగే తోటిపిల్లలతో కలిసి వచ్చేసి, మెట్ల మీద కూర్చోమన్నాను. వారం రోజులు ఆవిడ ఎదురుపడితే మొహం తిప్పుకున్నాను. ఆఫీసులో నా వేళ్ళు టైపు మిషను మీద, మనసు ఆ మెట్ల మీద. ఇలా లాభం లేదని ఆదివారం ఏడుస్తూ రాజీనామా కాగితం రాశాను.

సోమవారం ఇద్దామంటే ఆఫీసరు సెలవు. సాయంత్రం ఊరేగింపొకటి అడ్డొచ్చి బస్సులు ఆగిపోయాయి. హిమాయత్‌నగర్ మీదుగా నడిచీ, పరిగెత్తీ ఇల్లు చేరేసరికి ఏడు. మెట్ల మీద పిల్ల లేదు.

పేరు పెట్టి పిలవబోతుంటే కింద వాటాలోంచి దాని నవ్వు వినిపించింది. చెప్పులు కూడా సరిగ్గా విప్పకుండా వంటింటి గుమ్మం దాకా దూసుకుపోయాను.

"దూరం, దూరం," అంది అరుంధతిగారు నన్ను చూసి. "బస్సులెక్కిన చీరతోని లోపలికి రాకమ్మా."

లోపల సుబ్బులు తడిజుట్టుతో, పాతకాలం పట్టులంగా కట్టుకుని, పీట మీద కూర్చుని పెరుగన్నం తింటోంది. గుమ్మం ఇవతల ఆవిడ భర్త కిషన్ రావుగారు చొక్కాతో నిలబడి ఉన్నారు. చొక్కా విప్పందే తననీ రానివ్వదని నవ్వారు. ఆయన చెబుతుంటే నాకు ఒక్కొక్కటే అర్థమైంది. ఆ రోజు దేవుడి నైవేద్యం పొయ్యి మీద ఉండగా పిల్ల బడి బట్టలతో ఆవిడ కొంగు పట్టుకోబోయిందట. మడిలో ఉన్న మనిషి మరేం చేస్తుంది? మర్నాటి నుంచి మెట్ల మీద ఒంటరిగా కూర్చున్న పిల్లని చూసి ఆవిడకి అన్నం సయించలేదు. పెట్టెలన్నీ వెతికి, కూతురు దమయంతి చిన్నప్పటి పట్టులంగా ఇవాళే బయటికి తీసింది. ఆయన నీళ్ళు తోడిపెడితే పిల్ల స్నానం చేసి, అది కట్టుకుని లోపలికి వెళ్ళిందట.

మా అమ్మమ్మ కూడా మడి కట్టుకుంటే మమ్మల్ని ఇలాగే తరిమేది. మా కాకినాడలో మడి అనుకున్న మాటని ఇక్కడ పగ అనుకున్నాను. నా బుద్ధికి నాకే సిగ్గేసింది. దాచుకోలేక అంతా చెప్పేశాను. మేం ఆంధ్రావాళ్ళమని మా పిల్లని తరిమారనుకున్నానన్నాను. రేపు ఉద్యోగం మానేస్తున్నాననీ చెప్పాను.

ఆవిడ సుబ్బులు విస్తట్లో ఇంకాస్త పెరుగు వేసింది.

"గవన్నీ నాకేమెరుక బిడ్డా. నాలుగింటికి పిల్లకు ఆకలైతదని ఎరుక. రేపటికెల్లి దీన్ని నా దగ్గరికి రమ్మను. నువ్వు నిమ్మళంగ నీ నౌకరి చేస్కో."

కాళ్ళకి దండం పెడదామంటే ముట్టుకోనివ్వదు కదా. గడప ఇవతలే మోకాళ్ళ మీద కూలబడి, ఆవిడ నిలబడిన వైపు నేలకి నుదురు ఆనించాను.